గూడు సంగతి ఎవరికి చెప్పాలి? విశాఖలో పక్షి పరిశీలకుల క్లబ్బు ముందున్న చిక్కులు

పక్షులను చూసే అలవాటున్నవారికి విశాఖపట్నం వంటి ఊరు దొరకడం అదృష్టం. కంబాలకొండ అభయారణ్యం నగరానికి ఆనుకునే ఉంది. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాలకు సూర్యోదయానికి ముందే చేరుకోవచ్చు. గోస్తని సముద్రంలో కలిసే భీమిలి వద్ద చలికాలంలో ఉల్లంకి పిట్టలు బురద మీద పరుగులు తీస్తాయి. దక్షిణంగా వెళితే కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు, పడమరగా కనుమలెక్కితే అనంతగిరి, అరకు, లంబసింగి. సముద్రతీరం, మంచినీటి ఆవ, పొదలు పెరిగిన గుట్టలు, చల్లని కొండ అడవి, ఇవన్నీ ఒక్కరోజు ప్రయాణంలో అందే నగరాలు మన తీరంలో ఎక్కువ లేవు. అందుకే ఇక్కడ పక్షి పరిశీలకుల క్లబ్బు పెట్టడం తేలిక. పదిమంది, నాలుగు బైనాక్యులర్లు, ఆదివారం ఉదయం ఒక నడక ఉంటే చాలు.

నిలబెట్టడమే కష్టం. మొదటి ఏడాది ఉత్సాహం చల్లారాక సభ్యులు ఎక్కువగా డబ్బు గురించి, వాహనాల గురించి, తీరిక లేకపోవడం గురించి మాట్లాడుకుంటారు. కానీ క్లబ్బులు చీలిపోయిన చోట కారణాలు తరచి చూస్తే అవి వేరుగా ఉంటాయి. ఒకరికి తెలిసిన గూడు సంగతి ఇంకొకరికి చెప్పలేదు. కొత్తగా చేరిన కుర్రవాడు చూశానన్న పక్షిని నలుగురిలో కొట్టిపారేశారు. పాతికేళ్ళు తిరిగిన పెద్దాయన నోటు పుస్తకాలు ఆయనతోనే పోయాయి. గొడవలన్నీ ఒకరికి తెలిసిన సంగతి చుట్టూనే తిరుగుతాయి: దాన్ని ఎవరికి చెప్పాలి, ఎంత నమ్మాలి, ఎక్కడ దాచాలి. క్లబ్బు అసలు పని ఇదే. నడకలు ఎవరైనా ఏర్పాటు చేయగలరు.

ముందుగా గూడు సంగతి. ఒక గుట్ట మీద పెద్ద గుడ్లగూబ గుడ్లు పెట్టిందనుకుందాం. తూర్పు కనుమల రాతిగుట్టల్లో ఇది వింత కాదు. ఈ పక్షి పుల్లలు ఏరి గూడు కట్టదు. రాతి అరుగు మీద కాస్త నేల గీరి అక్కడే గుడ్లు పెడుతుంది. మొదట చూసిన సభ్యుడు ఆనందం పట్టలేక ఫొటో తీసి నలుగురికి చూపిస్తాడు. ఆ నలుగురికీ తలా ఒక స్నేహితుడు ఉంటాడు. వారం తిరిగేసరికి గుట్ట కింద కార్లు ఆగుతాయి. వచ్చిన ప్రతి ఒక్కరూ పది నిమిషాలే ఉంటారు, దూరంగానే నిలబడ్డామని నిజాయితీగా నమ్ముతారు. తల్లి పక్షి మాత్రం ప్రతి రాకకూ లేచిపోతుంది. గుడ్లు ఎండకు వేడెక్కుతాయి, లేదా కాకుల కంట పడతాయి. ఆ ఏడు పిల్లలు లేవు. తప్పు ఫలానావారిదని వేలెత్తి చూపడానికి వీలుండదు. అందుకే ఇలాంటి చోట జరిగిన తర్వాత తీర్పులు చెప్పడం వృథా, ముందే నియమం ఉండాలి.

చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికంటే గట్టిగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్న పదాన్ని నిర్వచించేటప్పుడే పక్షుల గుడ్లను పాడుచేయడాన్ని, గుడ్లను గానీ గూళ్ళను గానీ కలవరపెట్టడాన్ని కూడా అందులో చేర్చింది. తుపాకీ పట్టినవాడికే వేట అన్న మాట వర్తిస్తుందని భావించే ఫొటోగ్రాఫర్లకు ఈ సంగతి క్లబ్బులో చేరిన తొలి రోజే చెప్పాలి. గుడ్లగూబల విషయంలో ఇంకొక ప్రమాదం ఉంది. దీపావళి రోజుల్లో క్షుద్రపూజల కోసం వాటిని పట్టి అమ్మే దుర్మార్గం దేశంలో ఇంకా పోలేదు. మంచి మనసుతో పంచుకున్న ఒక చిరునామా ఎవరి చేతికి చేరుతుందో పంచినవారికి తెలియదు.

క్లబ్బులు దీనికి సాధారణంగా రెండు మార్గాలు పడతాయి. ఒకటి, అన్నీ అందరికీ చెప్పడం. దాని ఫలితం పైన చూశాం. రెండోది, నమ్మకస్తులైన అయిదారుగురికి మాత్రమే చెప్పడం. పక్షికి ఇది మేలే, క్లబ్బుకు మాత్రం విషం. ఆ అయిదారుగురూ సహజంగానే పాత సభ్యులు, పెద్ద లెన్సులున్నవారు, సొంత కార్లున్నవారు అవుతారు. మిగిలినవారు ఒకరోజు ఆ ఫొటోలు చూసి, తమకు తెలియకుండా లోపల ఇంకో క్లబ్బు నడుస్తోందని గ్రహిస్తారు. ఆ రోజు నుంచి వారూ తమకు దొరికినవి చెప్పడం మానేస్తారు. పక్షుల్ని కాపాడాలని మొదలైన రహస్యం చివరికి పరపతిగా మారిపోతుంది. ఏ ఊళ్ళోనైనా అభిరుచి బృందాలను లోపలినుంచి తినేసేది ఇదే.

మూడో మార్గం ఉంది, అదే సరైనదని ఈ వ్యాసం వాదన. గూడు సంగతిని మనిషిని బట్టి కాకుండా కాలాన్ని బట్టి దాచాలి. గూడు చూసిన సభ్యుడు తేదీ, స్థలం, గుడ్ల సంఖ్య, తల్లి ప్రవర్తన పూర్తిగా రాసి, క్లబ్బు ముందే ఎంచుకున్న ఇద్దరికి అప్పగిస్తాడు. ఆ ఇద్దరూ ఏడాదికొకసారి మారుతూ ఉండాలి. పిల్లలు ఎగిరిపోయేదాకా అధ్యక్షుడికైనా, వ్యవస్థాపకుడికైనా, విదేశాల నుంచి వచ్చిన అతిథికైనా ఆ చోటు చెప్పరు. ఎగిరిపోయాక అందరికీ ఒకే రోజు చెబుతారు. గుడ్లగూబల వంటివి ఏటా అదే చోటికి వస్తాయి కాబట్టి అప్పుడైనా గుట్ట పేరు చెప్పకుండా, ఫలానా ప్రాంతం అంటే సరిపోతుంది. ఇలా చేస్తే ఎవరినీ తక్కువ చేసినట్టు ఉండదు. అందరూ ఒకే నిరీక్షణలో ఉంటారు. నిరీక్షణను మనుషులు భరిస్తారు, వివక్షను భరించరు.

దీనికి ఫోనుల వల్ల వచ్చిన చిన్న చిక్కు ఒకటి ఉంది. ఫోనుతో తీసిన ఫొటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదై ఉండవచ్చు. ఫొటోను ఫైలు రూపంలో యథాతథంగా పంపితే ఆ వివరం కూడా వెళ్ళిపోతుంది. గూళ్ళ కాలంలో కెమెరా లొకేషన్‌ను ఆపివేయమని చెప్పడం ఒక్క వాక్యం పని. ఈబర్డ్ వంటి అంతర్జాతీయ నమోదు వేదిక కూడా అత్యంత ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల విషయంలో చోటు బయటపడకుండా తానే దాస్తుంది. మన గుట్ట మీద గూడు పెట్టిన సాధారణ జాతికి మాత్రం ఆ రక్షణ ఉండదు. దాన్ని సభ్యులే చూసుకోవాలి.

ఇక్కడే ఫొటోగ్రాఫర్లకూ పరిశీలకులకూ మధ్య తరచు వచ్చే తగువు గురించి చెప్పుకోవాలి. కూతను రికార్డు చేసి ఫోనులో మళ్ళీ మళ్ళీ వినిపిస్తే మగపక్షి తన ఇలాకాలోకి మరొకటి చొరబడిందనుకొని బయటికి వస్తుంది. ఫొటో బాగా వస్తుంది. పక్షి ఆ ఉదయం మేత మాని, గూడు విడిచి, లేని శత్రువుతో పోరాడుతూ ఉంటుంది. తొలకరికి ముందు మన అడవుల్లో కూసే పొన్నంగి పిట్ట ఇలాంటి మోసానికి బాగా గురవుతుంది. రంగులు అందమైనవి, కనబడడం కష్టం, కూతకు జవాబు ఇస్తుంది. కాబట్టి క్లబ్బు నడకల్లో కూతలు వినిపించడం పూర్తిగా నిషేధించాలి, సంతాన కాలంలో మరీ ముఖ్యంగా. కానీ ఈ నియమం పేరుతో కెమెరా పట్టినవారందరినీ అనుమానంగా చూడడం అన్యాయం. ఒక పక్షి కనిపించిందనడానికి గట్టి సాక్ష్యం ఇచ్చేది వారే. లక్షలు పోసి కొన్న లెన్సుతో వారు తీసిన మసక ఫొటో కూడా కొన్నిసార్లు నాలుగు పేజీల వాదన కంటే విలువైనది.

సాక్ష్యం అన్న మాట రెండో పెద్ద చిక్కులోకి తీసుకువెళుతుంది. కొత్త సభ్యులు పొరబడతారు. డేగలా కనిపించే కోకిల జాతి పక్షి ఒకటి ఉంది. ఎగిరే తీరు, పొట్ట మీది చారలు, తోక కట్లు అన్నీ చిన్న డేగను పోలి ఉంటాయి. చిన్న పిట్టలు కూడా దాన్ని చూసి భయపడతాయంటే మనిషి పొరబడడంలో ఆశ్చర్యం ఏముంది? మచ్చల ఆడ కోయిలను చూసి ఏదో అరుదైన వేటపక్షి అనుకునేవారు ప్రతి బృందంలోనూ కనిపిస్తారు. చలికాలంలో చెట్ల కొమ్మల్లో గెంతే వార్బ్లర్లు అనే సన్నని పచ్చని పిట్టల విషయంలో పాతికేళ్ళ అనుభవజ్ఞులు కూడా కూత వినకుండా పేరు చెప్పడానికి జంకుతారు. అంటే తప్పు చేయడం ఈ అభిరుచిలో నేర్చుకునే పద్ధతి. దాన్ని సరిదిద్దే తీరే క్లబ్బు స్వభావాన్ని నిర్ణయిస్తుంది.

నలుగురి ముందు ఒక్క మాటలో "అది కాదు" అని తోసేస్తే ఆ మనిషి మళ్ళీ నోరు తెరవడు. చాలా క్లబ్బుల్లో సగం మంది సభ్యులు మౌనంగా ఉండడానికి కారణం ఆసక్తి లేకపోవడం కాదు, ఒకసారి తిన్న దెబ్బ. మరోవైపు మొహమాటంతో ఎవరినీ సరిదిద్దకపోతే జాబితా నిండా లేని పక్షులు చేరతాయి, దాన్ని ఎవరూ నమ్మరు. అనుభవజ్ఞులకు కూడా ఒక విసుగు ఉంటుంది. ప్రతి చలికాలమూ అవే ప్రశ్నలు, అవే ఫొటోలు, అవే జవాబులు. వారు ఓపిక పోయి తప్పుకుంటే సరిదిద్దేవారే ఉండరు. ఆ భారాన్ని ఒకరి మీదే వేయకుండా చలికాలపు నీటి పక్షులకు ఒకరు, వేటపక్షులకు ఒకరు, అడవి పిట్టలకు ఒకరు అని పంచుకోవడం మేలు. జవాబు కూడా పక్షి పేరుతో కాకుండా ప్రశ్నతో మొదలుపెట్టాలి: ముక్కు ఎలా ఉంది, కాళ్ళ రంగేమిటి, ఎలా కూసింది, నేల మీద ఉందా కొమ్మ మీద ఉందా? సరైన ప్రశ్నలు అడిగితే సగంసార్లు కొత్తవారు తమ పొరపాటు తామే కనిపెడతారు.

అయితే అడగకుండానే కొట్టిపారేయడంలో ఇంకా పెద్ద నష్టం ఉంది, దానికి విశాఖ పక్షిశాస్త్ర చరిత్రే సాక్ష్యం. కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ ఊరి నుంచి తూర్పు కనుమల పక్షులను దశాబ్దాల పాటు పరిశీలించిన మనిషి. 1973లో ఆయన, పక్షి పరిశోధకుడు ట్రెవర్ ప్రైస్ కలిసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ట్రీ స్పారో అనే పిచ్చుక తూర్పు కనుమల్లో ఉందని ప్రకటించారు. మన దేశంలో ఆ పిచ్చుకకు ప్రధానమైన ఉనికి హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాలు. ఊరపిచ్చుక మగదానికి నడినెత్తి బూడిద రంగు. దీనికి నెత్తి అంతా గోధుమ ఎరుపు, తెల్లని చెంప మీద ఒక నల్లని మచ్చ, ఆడ మగ రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఇంతే. ఆ తేడాను గమనించకుండా "మామూలు పిచ్చుకే" అని దాటిపోవడానికి, లేదా "ఆ పక్షి ఇక్కడెందుకు ఉంటుంది" అని కసురుకోవడానికి ఎవరికైనా క్షణం చాలు. తర్వాత 1985లో పక్షిశాస్త్రవేత్తలు ఎస్. డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ ఇదే కనుమల నుంచి అబాట్స్ బాబ్లర్ అనే పొదల పిట్టలో కొత్త ఉపజాతిని వర్ణించి, దానికి కృష్ణరాజుయి అని పేరు పెట్టారు. అది కూడా ప్రధానంగా ఈశాన్యానికి, ఆగ్నేయాసియాకు చెందిన పక్షే. అంటే విశాఖ కొండల్లో "ఉండకూడని" పక్షి ఉండడం ఒకటికి రెండుసార్లు రుజువైన సంగతి. ఇక్కడి క్లబ్బు మరే ఊరి క్లబ్బుకంటే కొత్తవారి మాటను ఓపికగా వినాలి.

వినడం అంటే ఒప్పుకోవడం కాదు. చూసినది అక్కడికక్కడే రాశారా, ఇంటికి వచ్చి పుస్తకం తిరగేశాక రాశారా? ఎంత దూరం నుంచి, ఏ వెలుగులో, ఎంతసేపు చూశారు? పక్కన ఉన్నవారు విడిగా ఏం రాసుకున్నారు? ఈ ప్రశ్నలు పాతవారికీ కొత్తవారికీ ఒకేలా ఉండాలి. పెద్దాయన చెప్పారు కాబట్టి నిజం, కుర్రవాడు చెప్పాడు కాబట్టి అనుమానం అనే తూకం ఉన్నచోట జాబితాకు విలువ ఉండదు. ఈబర్డ్‌లో అసాధారణ నమోదులను పరిశీలించే స్వచ్ఛంద సమీక్షకులు ఎవరినైనా వివరం అడుగుతారు. అడిగారని నొచ్చుకునే అనుభవజ్ఞులు ఉండడం విచారకరం. వివరం అడగడాన్ని గౌరవంగా తీసుకునే అలవాటు పై నుంచి రావాలి. పెద్దలు తమ నమోదులకు ముందు సాక్ష్యం చూపిస్తే చిన్నవారు అడగకుండానే చూపిస్తారు.

లెక్కల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు గాని, దాని ప్రభావం పెద్దది. చాలామంది అరుదైన పక్షినే రాస్తారు. కాకి, గోరింక, పికిలిపిట్ట రాయడానికి బద్ధకం. కానీ చూసిన ప్రతి జాతినీ, గడిపిన సమయాన్నీ, నడిచిన దూరాన్నీ రాస్తేనే ఆ చీటీ శాస్త్రానికి పనికొస్తుంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను అంచనా వేయగలిగిందంటే 30,000కు పైగా పరిశీలకులు రాసిన దాదాపు 3 కోట్ల నమోదులు దాని వెనుక ఉన్నాయి. వారిలో ఎక్కువమంది సాధారణ అభిరుచి ఉన్నవారే. పదిమంది కలిసి నడిచి పదిమందీ విడివిడి జాబితాలు పంపితే ఒకే గుంపు పదిసార్లు లెక్కకు వస్తుంది. ఒకరు రాసి మిగిలినవారితో పంచుకోవాలి. జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది. కొండకర్ల ఆవ వంటి చోట ఆ గణన చేసేటప్పుడు అందరూ ఒకే గట్టు మీద నిలబడి లెక్కపెడితే ప్రయోజనం లేదు. ఆవను ముక్కలుగా పంచుకుని, ఒకే వేళ మొదలుపెట్టి, ఎగిరిపోయిన గుంపు ఎటు వెళ్ళిందో పక్కవారికి చెప్పుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటి, కంబాలకొండలోనూ నగరంలోనూ లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. చెట్ల తొర్రల్లో గూడు పెట్టే వడ్రంగి పిట్టలకు, చిలుకలకు, చిన్న గుడ్లగూబలకు ఆ తర్వాత ఏమైందో చెప్పాలంటే తుపానుకు ముందు అదే దారిలో, అదే నెలలో నడిచి రాసిన సాధారణ చీటీలు కావాలి. అరుదైన పక్షుల ఫొటోలు ఎన్ని ఉన్నా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. ఇంకో తుపాను రాక మానదు. నెలకొకసారి ఒకే దారిలో నడిచే విసుగైన పనిని ఒక బృందం నెత్తిన వేసుకుంటే, ఆ క్లబ్బు ఉనికికి అంతకంటే వేరే సమర్థన అక్కర్లేదు.

పాత లెక్కలతో పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కొండకర్ల ఆవ అనకాపల్లి జిల్లాలోకి, లంబసింగి, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. పాత కాగితాల్లో "విశాఖపట్నం జిల్లా" అని ఉంటే అందులో కొండ అడవి పక్షులన్నీ ఉంటాయి. ఇప్పటి జిల్లా అంటే దాదాపు నగరం, దాని పరిసరాలే. జిల్లా పేరుతో పాటు ఊరి పేరు, వాగు పేరు రాయని నమోదు కొన్నేళ్ళకు ఎందుకూ పనికిరాదు.

విశాఖకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం. విమానాశ్రయం కూడా నౌకాదళ స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగలో భాగం. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, ఓడరేవు వైపు తెల్లవారుజామున పొడవాటి లెన్సులు, టెలిస్కోపులు పట్టుకుని గుంపుగా నిలబడితే భద్రతా సిబ్బంది ప్రశ్నించడం వారి విధి. దానికి కోపగించుకోవడం తగదు. క్లబ్బు చేయాల్సింది ముందుగా పోలీసులకు నడక వివరం తెలియజేయడం, ప్రతి ఒక్కరి దగ్గర గుర్తింపు కార్డు ఉండేలా చూడడం, నిషేధిత ప్రాంతాల వైపు లెన్సు తిప్పకూడదని ప్రతి నడక మొదట్లో చెప్పడం. ఒక్కరు అత్యుత్సాహంతో నియమం తప్పితే ఆ తీరం మొత్తం మిగిలినవారికి మూతపడుతుంది. అభయారణ్యం విషయంలోనూ అంతే. అనుమతి లేకుండా ప్రవేశించడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పర్యాటకులకు తెరిచిన భాగం దాటి కంబాలకొండ లోపలికి వెళ్ళాలంటే అటవీశాఖ లిఖిత అనుమతి కావాలి. అక్కడ చిరుతలున్నాయి, పాములున్నాయి. నియమం కాగితానికే పరిమితమైనది కాదు.

అనుమతులు అడగడానికి పోయేసరికి "మీరు ఎవరు" అన్న ప్రశ్న వస్తుంది. స్నేహితుల బృందంగా ఉండిపోవాలా, రిజిస్టరైన సంఘంగా మారాలా అన్న చర్చ అక్కడే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టవచ్చు. బ్యాంకు ఖాతా, లెటర్‌హెడ్, అధికారుల వద్ద గుర్తింపు వస్తాయి. దానితో పాటు ఏటా దాఖలు చేయాల్సిన కాగితాలు, ఎన్నికలు, పదవులు కూడా వస్తాయి. పదవులు వచ్చాక పక్షుల కంటే పదవులను చూసేవారు కొందరు చేరతారు. నడకలకే పరిమితమైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గణనలు, పాఠశాలల్లో కార్యక్రమాలు, నిధులు అనే మాట వస్తే తప్పదు. చందా మాత్రం విద్యార్థి ఇవ్వగలిగినంతే ఉండాలి, కార్లున్నవారు లేనివారిని ఎక్కించుకోవాలి. ఇంతకంటే డబ్బు గురించి చర్చించవలసింది తక్కువ.

క్లబ్బులు తరచు మరిచిపోయేవారు ఇంకొందరున్నారు. కొండకర్ల ఆవలో తాటి దోనె నడిపే మనిషికి ఏ తామర మడిలో నీటికోడి పిల్లలు తీసిందో తెలుసు. కొండల్లో పశువులు కాసేవారికి ఏ లోయలో ఏ కూత వినిపిస్తుందో తెలుసు. పరిశీలకులు వారిని పడవకో, దారి చూపినందుకో కొంత డబ్బిచ్చి పంపేస్తారు. చూసిన పక్షి పేరు వారితో పంచుకోరు, వారు చెప్పిన పేరు రాసుకోరు. ఇంగ్లిష్ పేర్లే మాట్లాడుకునే చోట దోనె నడిపే ఆయనే కాదు, తెలుగు మాధ్యమంలో చదివి కొత్తగా చేరిన విద్యార్థి కూడా పరాయివాడిగా మిగులుతాడు. లకుముకిపిట్ట, ఏట్రింత, జెముడుకాకి, నారాయణ పక్షి, తీతువు అని పిలుచుకుంటూ నడిస్తే శాస్త్రానికి లోటేమీ లేదు. జాబితాలో రెండు పేర్లూ పక్కపక్కన ఉంటే చాలు. చలికాలపు గణనకు దోనె నడిపేవారిని లెక్కించేవారిగానే పిలవాలి, నివేదికలో వారి పేర్లూ రాయాలి. ఆవ చుట్టుపక్కల ఎవరైనా వల పన్నితే మొదట తెలిసేది వారికే. వారికి క్లబ్బు తమదిగా అనిపిస్తే ఆ సంగతి సాయంత్రానికల్లా చేరుతుంది.

స్త్రీల విషయం కూడా మాటల్లో కాకుండా ఏర్పాట్లలో కనిపించాలి. తెల్లవారని వేళ ఊరి బయట కలుసుకోవాలంటే చాలామందికి ఇంట్లో అనుమతి దొరకదు, దొరికినా దారి భయం ఉంటుంది. కలుసుకునే చోటు బస్సు స్టాపు దగ్గర వెలుతురున్న చోట పెట్టడం, దారిలో మూత్రశాల ఎక్కడుందో ముందే చెప్పడం, నడక ఎప్పుడు ముగుస్తుందో మాట తప్పకపోవడం వంటివి చేస్తే హాజరు మారుతుంది.

చివరి చిక్కు అన్నిటికంటే నిశ్శబ్దంగా వచ్చేది. దాదాపు ప్రతి క్లబ్బూ ఒక్క మనిషి మీద నడుస్తుంది. అనుమతుల ఫైలు ఆయన బీరువాలో, దోనెవారి ఫోను నంబర్లు ఆయన ఫోనులో, పాత జాబితాలు ఆయన కంప్యూటర్‌లో, పాస్‌వర్డులు ఆయన తలలో. ఆయనకు బదిలీ అయినా, ఆరోగ్యం చెడినా, ఓపిక పోయినా క్లబ్బు ఆ నెలే ఆగుతుంది. కృష్ణరాజు పరిశీలనలు ఇవాళ మనకు అందుతున్నాయంటే అవి అచ్చయ్యాయి కాబట్టే. విశాఖ ప్రాంత పక్షుల జాబితాను ఆయన 1985లో ఆంధ్రప్రదేశ్ నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున ప్రచురించారు. రిప్లీ, బీలర్‌తో కలిసి విశాఖ కనుమల పక్షులపై రాసిన పరిశీలన ఆ తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రెండు భాగాలుగా వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత లంబసింగిలో ఫలానా పక్షి ఉండేదా అని అడిగితే తెరిచి చూడడానికి కాగితం ఉంది. ఎంత గొప్ప పరిశీలకుడైనా నోటు పుస్తకంలోనే ఉంచుకుంటే ఆ జవాబు ఉండదు.

కాబట్టి ఏటా ఒకసారి, నడకలు తగ్గే వర్షాకాలంలో, క్లబ్బు తన సంగతులను కొత్త చేతుల్లోకి మార్చాలి. గత ఏడాది చీటీలన్నీ ఈబర్డ్‌లోకి ఎక్కాయా, గూళ్ళ వివరాలున్న కవరు కొత్త ఇద్దరికి అందిందా, అటవీశాఖ అనుమతి నకళ్ళు ఎక్కడున్నాయి, కొండకర్లలో ఎవరికి ఫోను చేయాలి, జనవరి గణనకు ఏ గట్టు ఎవరిది. ఈ పని వ్యవస్థాపకుడి ఇంట్లో కాకుండా, చేరి రెండేళ్ళు కూడా కాని సభ్యుల చేత, పెద్దలు పక్కన కూర్చుని చూస్తుండగా చేయించాలి. సెప్టెంబరులో ఉత్తరాది వలస పక్షులు ముడసర్లోవ గట్టుకు రావడం మొదలయ్యేసరికి ఆ ఏడాది మొదటి నడకను నడిపించాల్సింది వారే.